ఇనుము పోస్తారు, కొలవరు

అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా పాడేరు వెళ్లే బస్సు మాడుగుల దాటిన కాసేపటికి ఘాట్‌ ఎక్కుతుంది. మైదానం అక్కడితో సరి, ఆపైన మన్యం. మాడుగుల అనగానే తెలుగువారికి హల్వా గుర్తొస్తుంది, పాడేరు అనగానే కాఫీ. ఈ దారిలోనే రోజూ ఇనుము కూడా ప్రయాణం చేస్తుంది. పైకెక్కే లారీల్లో ఇనుము కలిపిన రేషన్‌ బియ్యం ఉంటుంది, ఆరోగ్య శాఖ పెట్టెల్లో ఐరన్‌ మాత్రలుంటాయి. కిందికి దిగే బస్సుల్లో రక్తం ఎక్కించుకోవడానికి విశాఖపట్నం పోయే సికిల్‌ సెల్‌, తలసీమియా అనే వారసత్వ రక్త జబ్బులున్న పిల్లలుంటారు. ఎక్కించే ప్రతి రక్తం సంచీ ఒంట్లోకి ఇనుమును చేరవేసేదే. బియ్యం లెక్క పౌర సరఫరాల శాఖది, మాత్రల లెక్క ఆరోగ్య శాఖది, రక్తం లెక్క బ్లడ్‌ బ్యాంకుది. ఒకే పిల్లవాడి ఒంట్లోకి మూడు దారుల్లో చేరే ఇనుమును ఒక కాగితం మీద కూడి చూసే పద్ధతి మన ప్రజారోగ్య వ్యవస్థలో లేదు. మా ఆరోపణ అదే.

ఇనుము తక్కువైతే ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ‘రక్తం తక్కువగా ఉంది’ అనే మాట ప్రతి ఇంట్లోనూ వినపడేదే. బెల్లం తింటే రక్తం పడుతుందని పెద్దలు చెబుతారు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి పక్కనే ఉండగా ఆ మాట ఇంకాస్త గట్టిగా చెబుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు సర్వేలో పిల్లల అంకె 58.6 శాతం. మాత్రలు, సిరప్పులు, పల్లీ చిక్కీలు పంచుతూనే ఉన్నాం, పిల్లల్లో రక్తహీనత పెరిగింది. ఈ ఒక్క అంకె చాలు, ఎక్కడో లెక్క తప్పుతోందని అనుమానించడానికి. ప్రభుత్వం అనుమానించలేదు. మరింత ఇనుము పంపింది.

ఇనుము ఎక్కువైతే ఏమవుతుందో చెప్పే శాస్త్రం ఈ పుష్కర కాలంలో చాలా ముందుకు పోయింది. 2012లో కొలంబియా విశ్వవిద్యాలయంలో బ్రెంట్‌ స్టాక్‌వెల్‌, స్కాట్‌ డిక్సన్‌ బృందం కణాల చావులో ఒక కొత్త రకాన్ని గుర్తించి ఫెరాప్టోసిస్‌ అని పేరుపెట్టింది. కణాలు పద్ధతిగా తమను తాము చంపుకోవడం శాస్త్రానికి కొత్త కాదు. అపోప్టోసిస్‌ అనే పేరు 1972 నుంచే ఉంది. స్టాక్‌వెల్‌ బృందం క్యాన్సర్‌ మందుల కోసం వెతుకుతూ ఎరాస్టిన్‌ అనే రసాయనాన్ని పట్టుకుంది. దాని దెబ్బకు చనిపోతున్న కణాల్లో అపోప్టోసిస్‌ గుర్తులు కనిపించలేదు. అపోప్టోసిస్‌ను అడ్డుకునే మందులు వేసినా ఆ కణాలు బతకలేదు. వాటిని బతికించిన వాటిలో ఒకటి డెఫెరాక్సమిన్‌. తలసీమియా పిల్లల ఒంట్లోంచి ఇనుమును లాగడానికి 1960ల నుంచి వాడుతున్న ఇంజెక్షనే అది. అంటే ఇనుమును పక్కకు తప్పిస్తే ఆ చావు ఆగుతోంది. క్యాన్సర్‌ ప్రయోగశాలలో తేలిన ఈ సంగతి తలసీమియా వార్డుకు ఎంత దగ్గరిదో గమనించండి.

ఈ చావు ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే విధానం తప్పు ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది. ప్రతి కణానికీ చుట్టూ కొవ్వుతో చేసిన పొర ఉంటుంది. ఆ కొవ్వుల్లో కొన్ని ఆక్సిజన్‌ సోకితే తొందరగా చెడిపోయే రకం. నిల్వ నెయ్యి పాడై కంపు కొట్టడం మాడుగుల మిఠాయి దుకాణాల వాళ్లకు తెలిసిన విషయమే. కణం పొరలో జరిగేదీ దాదాపు అదే రసాయన చర్య. దాన్ని ఎగదోసేది ఇనుము. ఇనుము హైడ్రోజన్‌ పెరాక్సైడ్‌తో కలిస్తే ఎంత చురుకైన చర్య జరుగుతుందో 1894లోనే హెన్రీ ఫెంటన్‌ అనే ఆంగ్లేయ రసాయన శాస్త్రజ్ఞుడు చూపాడు. ఆ చర్యలో పుట్టే రాడికల్‌ పక్కనున్న కొవ్వు అణువును కొరుకుతుంది, చెడిన అణువు తన పక్కదాన్ని చెడగొడుతుంది. గొలుసు ఆగకపోతే పొర చిరిగి కణం పగిలిపోతుంది.

ఆ గొలుసును తెంచే కాపలా మన కణాల్లోనే ఉంది. జీపీఎక్స్‌4 అనే ఎంజైము చెడిన కొవ్వును ఎప్పటికప్పుడు బాగుచేస్తుంది. అది పనిచేయడానికి గ్లూటాథయోన్‌ కావాలి, దాని తయారీకి సిస్టీన్‌ అనే అమైనో ఆమ్లం కావాలి. ఎంజైము నిర్మాణానికే సెలీనియం కావాలి. ఎరాస్టిన్‌ చేసిందల్లా సిస్టీన్‌ లోపలికొచ్చే ద్వారాన్ని మూయడమే. విటమిన్‌ ఇ కూడా కొవ్వు చెడే గొలుసుకు కొంత అడ్డుపడుతుంది. కోఎంజైమ్‌ క్యూ10 సాయంతో నడిచే మరో కాపలా ఉందని 2019లో రెండు బృందాలు వేర్వేరుగా తేల్చాయి. ఇలా ఒక పక్క ఇనుము, చెడిపోయే కొవ్వు ఉంటే మరో పక్క కాపలా ఎంజైములు, వాటికి సరుకందించే తిండి ఉంటాయి. ఇనుము పెరిగినా కాపలా తగ్గినా తక్కెడ ఒకవైపే మొగ్గుతుంది. మంచి మాంసకృత్తులు దొరకని పిల్లవాడి ఒంట్లో ఇనుము పెరిగిందంటే తక్కెడలోని రెండు పళ్లాలకూ ఒకేసారి దెబ్బ.

ఇదంతా సీసాల్లో పెంచిన కణాల ముచ్చటేనా అని అడగవచ్చు. 2014లో ఎలుకల్లో జీపీఎక్స్‌4ను తీసేస్తే మూత్రపిండాలు ఉన్నట్టుండి విఫలమై ఆ ఎలుకలు చనిపోయాయి. 2019లో చైనా పరిశోధకులు డాక్సోరూబిసిన్‌ అనే క్యాన్సర్‌ మందు గుండె కండరాన్ని దెబ్బతీయడంలో ఫెరాప్టోసిస్‌ పాత్ర ఉందని ఎలుకల్లో చూపారు. గుండెపోటు తర్వాత ఆగిన రక్తం తిరిగి పారేటప్పుడు జరిగే నష్టంలోనూ దాని చేయి ఉందని అదే పరిశోధన చెప్పింది. క్షయ సూక్ష్మజీవి సోకిన కణాలు పగిలి ఊపిరితిత్తి కుళ్లడంలో ఇదే మార్గం నడుస్తోందని 2019లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు తేల్చారు. మన్యానికి మరీ దగ్గరి సంగతి 2022లో బ్లడ్‌ పత్రికలో వచ్చింది. సికిల్‌ సెల్‌ ఉన్న ఎలుకల్లో ఎర్ర కణాలు పగిలి బయటపడే, ఇనుముతో కూడిన హీమ్‌ గుండెకు చేరుతోంది. అక్కడ దాన్ని విడగొట్టే ఎంజైము ఇనుమును వదులుతోంది. ఆ ఇనుముతో గుండె కణాలు ఫెరాప్టోసిస్‌ దారిలో చనిపోతున్నాయి. ఆ చావును అడ్డుకునే రసాయనం ఇస్తే గుండెకు నష్టం తగ్గింది.

ఎలుకల్లో తేలినదంతా మనుషుల్లో అచ్చంగా అలాగే జరుగుతుందని మేము అనడం లేదు. ఫెరాప్టోసిస్‌ను ఆపడానికేనంటూ అనుమతి పొందిన మందు ఇంతవరకు లేదు. క్యాన్సర్‌ కణాలను ఇదే దారిలో చంపాలని ఒక వర్గం శాస్త్రజ్ఞులు చూస్తుంటే, గుండెను, మెదడును దీన్నుంచి కాపాడాలని మరో వర్గం చూస్తోంది. కాబట్టి రేపో మాపో ‘ఫెరాప్టోసిస్‌ నివారిణి’ అంటూ సీసాలమ్మే వాళ్లు తయారైతే వాళ్లను గుమ్మంలోనే ఆపాలి. అయితే ఒంట్లో పేరుకున్న ఇనుము గుండెను చంపుతుందని తెలియడానికి ఎలుకలు అక్కర్లేదు. తలసీమియా మేజర్‌ పిల్లలు ఇనుము పేరుకుపోయిన గుండెతో యవ్వనానికి అటూ ఇటూగా చనిపోవడం వైద్యులు దశాబ్దాల నుంచి చూస్తున్నదే. ఆ గుండె ఎందుకు ఆగుతోందన్న ప్రశ్నకు కొత్త శాస్త్రం ఒక నమ్మదగిన కారణం చూపించింది, అంతే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు. పేగు రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి లోపలికి రానివ్వదు. కాలేయం నుంచి వచ్చే హెప్సిడిన్‌ అనే హార్మోను ఆ తలుపు కాస్తుంది. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే మార్గం మాత్రం మన శరీరానికి లేదు. మూత్రంలో పోదు, చెమటలో పోదు. చర్మం, పేగు పొరలు రాలినప్పుడు పోయే కాస్తే, స్త్రీలకు నెలసరిలో పోయేదే. ఇక ఒక రక్తం సంచీలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే బిడ్డకు ఏడాదిలో ఎంత చేరుతుందో చిన్న పిల్లలైనా గుణించగలరు. మొదట ఫెర్రిటిన్‌ అనే ప్రోటీను ఇనుమును తన కడుపులో దాచుకుంటుంది. దాని ఓపిక అయిపోయాక రక్తంలో తిరిగే ఇనుము కాలేయంలోకి, గుండెలోకి, ఎదుగుదలను నడిపే గ్రంథుల్లోకి చొరబడుతుంది.

రేషన్‌ బియ్యం సంగతి చూద్దాం. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం బలవర్ధక బియ్యం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. మనిషికి నెలకు అయిదు కిలోలంటే 140 నుంచి 212 మిల్లీగ్రాములు. దాదాపు ఒక రక్తం సంచీకి సమానం. ఇక్కడ ఆగి బియ్యం మీద నిప్పులు చెరగడం సులువు, అది అన్యాయం కూడా. రక్తంలోని ఇనుము మొత్తం ఒంట్లో నిలుస్తుంది, అన్నంలోని ఇనుములో పేగు పీల్చుకునేది కొద్ది భాగమే. రక్తం ఎక్కించుకునే బిడ్డకు ప్రధాన ముప్పు బియ్యం నుంచి కాదు. ‘ప్లాస్టిక్‌ బియ్యం’ అని ఊళ్లలో లేచిన పుకార్లకు ఈ పత్రిక వంత పాడదు.

మరి ప్రభుత్వం మీద నేరారోపణ దేనికి? 2018 నాటి నిబంధనల్లో ఒక హెచ్చరిక ఉండేది. ఇనుము చేర్చిన ఆహారాన్ని తలసీమియా ఉన్నవాళ్లు వైద్యుల పర్యవేక్షణలోనే తీసుకోవాలని, సికిల్‌ సెల్‌ రక్తహీనత ఉన్నవాళ్లు తీసుకోకూడదని సంచీ మీద రాయాల్సి ఉండేది. ఆ రాత సంచీ మీదనే ఉండిపోయింది. రేషన్‌ దుకాణంలో సంచీ విప్పి, తూచి, ఇంటి నుంచి తెచ్చుకున్న గోతంలో పోస్తారు. మన్యంలో ఏ కోందు తల్లి ఆ సంచీ మీది అక్షరాలు చూసి ఉంటుంది? నిబంధన పాటించడం లేదంటూ కొందరు సుప్రీంకోర్టుకెక్కారు. కేంద్రం హెచ్చరికను అందరికీ చేరేలా చేయలేదు, హెచ్చరికనే ఎత్తేసింది. 2024లో నిపుణుల కమిటీ నివేదికను చూపించి ఈ రోగులకు బలవర్ధక బియ్యం సురక్షితమేనని ప్రకటించింది. 2028 డిసెంబరు వరకు పథకాన్ని పొడిగించి 17,082 కోట్ల రూపాయలు కేటాయించింది.

కమిటీ వాదనలో పస లేదని మేమనం. రక్తం ద్వారా వచ్చే ఇనుము ముందు బియ్యం ఇనుము ఏపాటిది, ఎలాగూ ఇనుము తీసే మందులు వాడుతున్నారు కదా అన్నది ఆ వాదన సారం. ఈ మాట నిలవాలంటే రెండు నిజం కావాలి. ఒకటి, రోగికి రక్తం ఎక్కుతూ ఉండాలి. రెండు, ఇనుము తీసే మందు అందుతూ ఉండాలి. తలసీమియాలో రక్తం ఎక్కించాల్సిన అవసరం లేని మధ్యరకం ఒకటుంది. ఆ రోగుల్లో హెప్సిడిన్‌ అణిగిపోయి పేగు తలుపు బార్లా తెరుచుకుంటుంది. రక్తం ఎక్కించకపోయినా తిండి ద్వారానే ఇనుము ఏళ్ల తరబడి పేరుకుంటుంది. అలాంటివాళ్లకు కమిటీ లెక్క వర్తించదు. అలాంటివాళ్లెవరో, ఎక్కడున్నారో తెలియాలంటే పరీక్ష చేయాలి. పరీక్ష చేయకుండానే సురక్షితం అన్నారు.

సికిల్‌ సెల్‌ విషయంలో పాత హెచ్చరికా సరైంది కాదు. ఎప్పుడూ రక్తం ఎక్కించుకోని సికిల్‌ సెల్‌ రోగుల్లో నిజంగానే ఇనుము లోపం ఉన్నవాళ్లుంటారు, వాళ్లకు ఇనుము అవసరం. పదిసార్లు రక్తం ఎక్కినవాళ్లకు అదే ఇనుము ప్రమాదం. ఇద్దరి జబ్బూ ఒకటే, ఇద్దరి హిమోగ్లోబినూ తక్కువే, ఇద్దరి కళ్లూ పచ్చగానే ఉంటాయి. తేడా చెప్పగలిగేది ఫెర్రిటిన్‌ పరీక్ష. ఒంట్లో వాపు, జ్వరం ఉన్నప్పుడు అదీ కొంత తికమక పెడుతుంది కాబట్టి చూసే వైద్యుడికి ఓర్పు కావాలి. అయినా చీకట్లో మందు వేయడం కంటే మేలు.

మన రక్తహీనత పథకాలు నడిచేది హిమోగ్లోబిన్‌ ఒక్కదాని మీదే. ఏఎన్‌ఎం వేలు గుచ్చి అంకె చూస్తుంది, తక్కువుంటే మాత్రలిస్తుంది. బడి పిల్లలకు ఆ అంకె కూడా చూడకుండానే వారానికో మాత్ర. ఆ ఏఎన్‌ఎమ్‌ను తప్పుపట్టే పని లేదు. ఆమె చేతిలో పెట్టిన పరికరం అంతవరకే చెప్పగలదు. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే దేశమంతటా పిల్లల నుంచి రక్తం తీసి ఫెర్రిటిన్‌తో సహా కొలిచింది. రక్తహీనత ఉన్న 1-4 ఏళ్ల పిల్లల్లో ఇనుము లోపం వల్ల వచ్చింది 36.5 శాతం మందికే. 5-9 ఏళ్లలో 15.6 శాతం, 10-19 ఏళ్లలో 21.3 శాతం. మిగతావారికి బి12, ఫోలేట్‌ లోపాలో, ఇన్ఫెక్షన్లో, వారసత్వ రక్త దోషాలో కారణం. ఇది విమర్శకులు వండిన లెక్క కాదు, కేంద్ర ఆరోగ్య శాఖే చేయించిన సర్వే. అనూరా కుర్పద్‌, హెచ్‌పీఎస్‌ సచ్‌దేవ్‌ లాంటి పేరున్న పోషకాహార నిపుణులు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న ఇనుము పథకాలు కొందరికి మోతాదు మించిపోతాయని బహిరంగంగా హెచ్చరించారు. విన్నవాళ్లు లేరు.

ఆ మాత్రలో ఇనుముకు తోడుగా ఉండే ఫోలిక్‌ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషణ చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. రక్తహీనతలన్నీ ఒకటి కావని, ఒక్కోదానికి ఒక్కో కారణముంటుందని ఆ తరం పరిశోధన నేర్పింది. ఎనభై ఏళ్ల తర్వాత ఆయన సొంత రాష్ట్రంలో అన్నింటికీ ఒకటే మాత్ర.

మలేరియా ఉన్నచోట గుడ్డిగా ఇనుము ఇస్తే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. జాంజిబార్‌ దీవుల్లోని పెంబాలో పసిపిల్లలకు ఇనుము, ఫోలిక్‌ ఆమ్లం ఇచ్చిన ప్రయోగం ఫలితాలు 2006లో లాన్సెట్‌లో వచ్చాయి. మందు తీసుకున్న పిల్లలు చనిపోవడమో, ఆసుపత్రి పాలవడమో 12 శాతం ఎక్కువైంది. ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అదే ప్రయోగంలో విడిగా పరీక్షలు చేసిన కొందరు పిల్లల్లో నిజంగా ఇనుము లోపం, రక్తహీనత రెండూ ఉన్నవాళ్లకు మేలే జరిగింది. దీవి ఒకటే, మందు ఒకటే. ఎవరికి ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వడంలోనే అంతా ఉంది. మలేరియాతో తరతరాలుగా కాపురం చేస్తున్న పాడేరు మన్యానికి ఈ పాఠం వర్తించదని ఎవరనగలరు? మలేరియాను అదుపులో పెట్టి, పట్టుకుని వైద్యం చేసే ఏర్పాటు ఉన్నచోటే పిల్లలకు ఇనుము ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ షరతు పెట్టింది. ఆ షరతు నెరవేరిందని ఏ గూడేనికి ఆ గూడెంగా చెప్పగలగాలి, రాష్ట్ర సగటుతో కాదు.

సికిల్‌ సెల్‌ మీద ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అబద్ధమవుతుంది. 2023 జులై 1న ప్రధాని మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్‌ సెల్‌ నిర్మూలన మిషన్‌ ప్రారంభించారు. 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేస్తామన్నారు. ఆంధ్రప్రదేశ్‌ సహా 17 రాష్ట్రాల్లో నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం. 2025 మధ్యకల్లా ఆరు కోట్లు దాటారు. రెండు లక్షలకు పైగా రోగులు, పదహారు లక్షలకు పైగా వాహకులు బయటపడ్డారు. ఇంత వేగంగా ఇంతమందిని పరీక్షించడం చిన్న పని కాదు. రాష్ట్రం ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది, అది చాలా ఇళ్లను నిలబెడుతోంది.

అయితే పత్రికా ప్రకటనల్లో కనిపించే అంకెలు చూడండి. ఎంతమందిని పరీక్షించారు, ఎన్ని కార్డులు ఇచ్చారు, ఎంతమంది దొరికారు. దొరికినవాళ్లలో ఎంతమందికి ఫెర్రిటిన్‌ కొలిచారు? వెయ్యి దాటినవాళ్లెందరు? వాళ్లలో ఇనుము తీసే డెఫెరాసిరాక్స్‌ మాత్ర వేసుకుంటున్నదెందరు? గుండెలో ఇనుమెంతో చూసే టీ2స్టార్‌ ఎంఆర్‌ఐ ఎవరికైనా తీశారా? రక్తం అవసరాన్నే తగ్గించే హైడ్రాక్సీయూరియా క్రమం తప్పకుండా ఎందరికి అందుతోంది? ఈ ప్రశ్నలకు గడులే లేవు. మనిషిని రోగి అని ముద్ర వేసి కార్డు చేతిలో పెట్టడంతో లక్ష్యం పూర్తయిపోతోంది. ఇవి మేము కొత్తగా కోరుతున్నవి కావు. హిమోగ్లోబిన్‌ వ్యాధుల మీద 2016లో జాతీయ ఆరోగ్య మిషన్‌ విడుదల చేసిన మార్గదర్శకాల్లోనే ఫెర్రిటిన్‌ పరీక్షలు, ఇనుము తీసే మందులు ఉన్నాయి. రాసుకున్నవాళ్లే చదువుకోవాలి.

ఇనుము తీసే మందులు మనకు అందనివీ కావు. డెఫెరాక్సమిన్‌ ఇంజెక్షన్‌తో ఒకప్పుడు పిల్లలు వారానికి అయిదు రాత్రులు చర్మం కింద సూదితో, నడుముకు పంపుతో పడుకోవాల్సి వచ్చేది. నోటి మందు డెఫెరిప్రోన్‌ను ముందుగా అనుమతించిన దేశాల్లో భారత్‌ది మొదటి వరస. 1990ల మధ్యలోనే సిప్లా దాన్ని బజారులోకి తెచ్చింది. రోజుకోసారి వేసుకునే డెఫెరాసిరాక్స్‌ను 2005లో అమెరికా అనుమతించింది, ఇప్పుడు మన కంపెనీలే దాన్ని చేస్తున్నాయి. అనకాపల్లి జిల్లాలోనే పరవాడ, అచ్యుతాపురం చుట్టూ మందుల కర్మాగారాలు బారులు తీరి ఉన్నాయి. ప్రపంచానికి మందులు పంపే జిల్లా ఇది. ఆ జిల్లా గుండానే కొండ దిగొచ్చే బిడ్డకు మాత్ర ఏ నెలా తప్పకుండా అందుతోందని హామీ ఇచ్చే కాగితం మాత్రం లేదు. ఇనుము మందు నెల ఆపితే పింఛను ఆగినట్టు వెంటనే తెలియదు. గుండె చెప్పేసరికి ఏళ్లు పడుతుంది. ఎవరూ నిలదీయకపోవడానికి అదొక కారణం.

మాడుగుల వైపు తిరిగి చూస్తే ఇంకో చిక్కు కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌ 4న పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాకు, మైదానం అనకాపల్లి జిల్లాకు వెళ్లాయి. కొండల అంచున మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి, రావికమతం, రోలుగుంట, గొలుగొండ మండలాల్లోని గిరిజన గూడేలు మైదాన జిల్లాలో ఉండిపోయాయి. అవి అయిదో షెడ్యూలు కిందికి రావు. మనుషులు ఆ తెగలవాళ్లే, పెళ్లి సంబంధాలు ఘాట్‌ పైనున్న ఊళ్లతోనే, నెత్తురులో తిరిగే సికిల్‌ జన్యువుకు జిల్లా సరిహద్దు తెలియదు. రోడ్డు లేక గర్భిణులను డోలీలో మోసుకొచ్చే వార్తలు ఈ గూడేల నుంచీ వస్తూనే ఉంటాయి. గిరిజన పథకమంటే అధికారికి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గుర్తొస్తుంది, ఐటీడీఏ అంటే పాడేరు. అంచున ఉన్న గూడెం రెండు లెక్కలకూ అందని చోటు.

కాబట్టి అడగాల్సినవి అడుగుతున్నాం. పాడేరులో 2024లో 50 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఫెర్రిటిన్‌ పరీక్ష, రక్త మార్పిడి, ఇనుము తీసే మందు ఒకే గదిలో దొరికే పగటిపూట కేంద్రం అక్కడ ఉండాలి, మాడుగుల వైపు గూడేలవాళ్లకూ జిల్లా పేరు అడగకుండా తలుపు తీయాలి. ఎక్కించే ప్రతి రక్తం సంచీ వెనుక ఎన్ని మిల్లీగ్రాముల ఇనుము చేరిందో రోగి కార్డు మీద రాయాలి. రాయడానికి పెన్ను తప్ప మరో ఖర్చు లేదు. సికిల్‌ సెల్‌, తలసీమియా కార్డున్నవాళ్ల పేర్లు బడికీ, అంగన్‌వాడీకీ, ఏఎన్‌ఎమ్‌కూ వెళ్లాలి. ఫెర్రిటిన్‌ చూడకుండా వాళ్ల నోట్లో ఐరన్‌ మాత్ర వేయకూడదు. రక్తం ఎక్కని తలసీమియా రోగులకు ఇనుము కలపని బియ్యం ఇవ్వడానికి రాష్ట్ర పౌర సరఫరాల శాఖ ఓ మార్గం చూపాలి. నూటికొక గింజ కలిపే పద్ధతి కాబట్టి కలపకుండా ఇవ్వడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. కేంద్రం ఎత్తేసిన హెచ్చరికకు బదులేమిటో ఆరోగ్య మంత్రిత్వ శాఖ చెప్పాలి.

ఈ పనులకయ్యే ఖర్చును బియ్యంలో ఇనుము కలపడానికి పెట్టిన 17,082 కోట్లతో పోల్చమని మేము ఆర్థిక శాఖను కోరడం లేదు. ముందు వాళ్ల దగ్గర ఒక అంకె ఉండాలి: అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో నిరుడు ఎంతమంది సికిల్‌ సెల్‌, తలసీమియా రోగులకు ఫెర్రిటిన్‌ పరీక్ష జరిగింది, అందులో ఎందరికి మందు మొదలైంది. ఇద్దరు కలెక్టర్లూ కూర్చుంటే వారంలో తేలే లెక్క. అది ఆరోగ్య శాఖ వెబ్‌సైటులో జిల్లాలవారీగా, నెలనెలా కనిపించాలి. బియ్యం ఎన్ని టన్నులు పంచారో అలాగే కనిపిస్తోంది కదా.